మామయ్య కారు ఇంజిన్ కడిగిన రోజులు

మార్చి 3, సోమవారం

ఈ నోటుపుస్తకం షాపులో ఫ్రేముల స్టాకు రాయడానికి తెచ్చింది. మొదటి రెండు పేజీల్లో స్టాకే ఉంది. మూడో పేజీ నుంచి నాది. ఎవరితోనైనా అనకపోతే తల పగిలేలా ఉంది, అనడానికేమో మనిషి లేడు.

ఇవాళ మామయ్యని కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తున్న పాపానికి ఇంట్లో ఎవరి కంట్లో నలక పడినా నాకే పని. రెండు నెలల్లో మామయ్య చేతిలో కారు మూడుసార్లు గేటు స్తంభానికి రాసుకుంది, మూడుసార్లూ ఎడమ వైపే. మామయ్య దృష్టిలో తప్పు గేటు కట్టిన తాపీ మేస్త్రీది, వాడికి కొలతలు రావట. పన్నెండేళ్ళుగా అదే గేటు, అదే స్తంభం, అదే కారు.

డాక్టరమ్మ మిషన్ మీద అరగంట పరీక్ష చేశారు. మామయ్యని చుక్కలు వేయించుకోవడానికి పక్క గదిలో కూర్చోబెట్టి నన్ను పిలిచారు. కంటి నరాలు దెబ్బతిన్నాయట. ఎదురు చూపు బాగానే ఉంది, పేపరు చదవగలరు. పక్క చూపు పోయింది, ఎడమ వైపు మరీ. పోయింది తిరిగి రాదు. ఉన్నదైనా నిలబడాలంటే రోజూ రెండు పూటలా చుక్కలు పడాల్సిందే. కారు మాత్రం ఇక ముట్టుకోకూడదు.

"నన్ను చెప్పమంటారా ఆయనకి?" అని అడిగారు.

నేను చెప్తానండీ, ఇంట్లో నెమ్మదిగా చెప్తాను అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

తిరిగి వస్తుంటే ఆటోలో మామయ్య దారి పొడుగునా బోర్డులు చదువుతూనే ఉన్నారు. "అదిగో, పాత టైర్లు కొనబడును. ఆ పైన చూడు, రెండో అంతస్తులో కుట్టుపని నేర్పబడును. ఇంకేం చూడాలట నేను? మరి ఈ చుక్కలు దేనికి, కళ్ళు పొడిబారాయనా?"

ఊఁ అన్నాను. అంతే. అబద్ధమేమీ చెప్పలేదు, ఊఁ అన్నాను.

మార్చి 4

మావారికి చెప్పాను. టీవీ కట్టేసి విన్నారు, అదే పెద్ద విశేషం. చాలాసేపు గోళ్ళు చూసుకుని, "ఇప్పుడే చెప్పకు. నలభై ఏళ్ళు బస్సు డిపోలో హెడ్ మెకానిక్‌గా చేసిన మనిషి. బండి ముట్టుకోవద్దంటే మంచం పట్టేస్తారు. నేను చూసుకుంటాలే" అన్నారు.

మా ఇంట్లో "నేను చూసుకుంటాలే" అంటే నువ్వు చూసుకో అని.

మార్చి 6

చూసుకున్నారు. వీధి చివర మందుల షాపాయన కారు కొంటానన్నాడట. అయితే బానెట్ ఎత్తి చూసి మొహం చిట్లించాడట. అంత మడ్డి పేరుకుపోయి ఉంటే లోపల ఏముందో ఎవరికి తెలుసు, శుభ్రంగా కడిగి పెట్టండి, అప్పుడొచ్చి చూస్తాను అన్నాడట. ఇదంతా మామయ్య కూరగాయలకి వెళ్ళిన అరగంటలో జరిగిన వ్యవహారం.

"సర్వీసింగ్ వాళ్ళకి ఇచ్చేయండి" అన్నాను.

"నాన్న ఒప్పుకుంటారా? వెంట వెళ్ళి వాళ్ళతో గొడవ పెట్టుకుంటారు. కారుకి ఫిట్‌నెస్ తనిఖీ ఉందని చెప్తాను. ఇంట్లోనే కడుగుదాం. ఆయన వంగలేరు కాబట్టి ఎలా కడగాలో నీకు చెప్తారు."

"మీరు కడగొచ్చుగా."

"నాకూ నాన్నకీ పని దగ్గర పడదు. నీకు తెలుసుగా."

తెలుసు. ఇద్దరూ కలిసి ఒక ఫ్యాన్ బిగిస్తే రెండ్రోజులు మాటలుండవు. అంటే, ఏ కారుని ఆయన దగ్గర్నుంచి తీసేసుకోబోతున్నామో, దాన్ని కడగడం ఆయనే నాకు నేర్పాలి. వినడానికే అసహ్యంగా ఉంది.

సరే అన్నాను.

మార్చి 7

మామయ్య అడిగితే చెప్పేద్దామనుకున్నాను. ఆయన అడగలేదు.

మార్చి 9, ఆదివారం

మావారు ఉత్సాహంగా ఒక చేతిలో కిరసనాయిలు డబ్బా, ఇంకో చేతిలో పక్కింటివాళ్ళ నీళ్ళ పంపు పట్టుకుని వాకిట్లోకి వచ్చారు. మామయ్య కుర్చీలోంచి లేవకుండానే, "ఇవెందుకురా?" అన్నారు.

"ఇంజిన్ కడగడానికి నాన్నా. కిరసనాయిలైతే మడ్డి ఇట్టే పోతుంది."

"దాంతో పాటు కొంపా పోతుంది. బ్యాటరీ దగ్గర ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ పంపేమిటి?"

"ఫోర్సుగా కొడుతుంది."

"ఫోర్సుగా కొడితే నీళ్ళు వైర్ల జాయింట్లలోకి దూరతాయి. మర్నాడు బండి కదలకపోతే పక్కింటాయనొచ్చి తోస్తాడా? రెండూ ఎక్కడివక్కడ ఇచ్చేసి రా."

మావారు మొహం మాడ్చుకుని రెండూ పట్టుకెళ్ళారు. ఆ పనిలో ఆయన వంతు అంతటితో పూర్తయింది. మధ్యాహ్నం హాయిగా పడుకున్నారు.

మామయ్య నన్ను కూర్చోబెట్టి ఏమేం కావాలో చెప్పారు. రబ్బరు గ్లవ్స్, కళ్ళకి అడ్డం పెట్టుకునే అద్దాలు, స్ప్రే సీసాలో దొరికే డీగ్రీజర్, అంటే మడ్డి వదిలించే మందు, పెయింట్ బ్రష్షు, పాత టూత్ బ్రష్షులు, చిరిగిన చీర ఒకటి. "సిల్కు కాదు, కాటన్. సిల్కు నీళ్ళు పీల్చదు" అన్నారు. నాకు సిల్కు చీరలు చిరిగేన్ని ఉన్నట్టు.

తనిఖీకి వచ్చేవాడు బానెట్ ఎత్తి నోరు వెళ్ళబెట్టాలట. డిపోలో తిరిగినట్టు చేతులు వెనక్కి కట్టుకుని కారు చుట్టూ మూడుసార్లు తిరిగారు. అత్తయ్య పోయాక ఆయన్ని అంత హుషారుగా చూడలేదు. మూడో చుట్టులో ఎడమ పక్కనున్న బకెట్‌ని తన్నుకున్నారు.

"దీన్ని ఇక్కడెవరు పెట్టారు?"

"నేనే మామయ్యా" అన్నాను. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

మార్చి 12

షాపుకి ఒక పెద్దావిడ వచ్చింది. నంబరు పెరిగిందంటే ఒప్పుకోదు, పాత అద్దాలే బాగున్నాయంటుంది. "అమ్మా, ఇవి పెట్టుకుంటే ఇవాళో రేపో మెట్ల మీద పడతారు. పడ్డాక నన్ను తిట్టుకోవద్దు" అని మొహం మీదే చెప్పాను. వెంటనే కొత్తవి తీసుకుంది. ఓనరు కూడా మెచ్చుకున్నాడు, నిజం సూటిగా చెప్తావమ్మా అని.

ఇంటికొచ్చి మామయ్యకి చుక్కలు వేశాను. చిన్నపిల్లాడిలా మొహం పైకెత్తి, కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చుంటారు. ఇంకోసారి అడిగారు, పొడిబారడం తగ్గిందా అని.

మార్చి 16, ఆదివారం

ఇవాళ పొడి దుమ్ము దులపడమే. దానికే నాలుగు గంటలు. నడుము పట్టేసింది.

ముందు ఇంజిన్ మీద అరచెయ్యి పెట్టి చూడమన్నారు. నిన్న సాయంత్రం నుంచి కదలని బండి, చల్లగానే ఉంటుంది కదా అన్నాను. "కదా అనకు. పెట్టి చూడు" అన్నారు. పెట్టాను. చల్లగానే ఉంది. వేడి ఇంజిన్ మీద చన్నీళ్ళు పడితే పగుళ్ళిస్తుందట, మందు కాలి పొగలు వస్తాయట. తర్వాత బ్యాటరీకి మైనస్ వైరు ఊడదీయించారు. ముందు మైనస్, ఎప్పుడూ ముందు మైనస్ అని నాచేత మూడుసార్లు అనిపించారు. ఎండుటాకులు, ఈకలు, ఒక చాక్లెట్ కాగితం, ఎప్పటిదో ఒక బోల్టు బయటికొచ్చాయి. బోల్టు చూసి ఆయన మొహం వెలిగింది. ఇది నాది కాదు, అప్పుడెప్పుడో బాగుచేసినవాడు పడేసుంటాడు అని ఆ మనిషిని పది నిమిషాలు తిట్టారు.

అంతా అయ్యాక నన్ను ఎడమ హెడ్‌లైటు పక్కన నిలబెట్టి, తాను వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చున్నారు.

"చేతులు?" అని కేకేశారు లోపల్నుంచి.

"ఏం చేతులు?"

"నేను చేతులు అంటే నువ్వు రెండు చేతులూ తల మీదికెత్తి, పైన అనాలి. అన్నాకే నేను తాళం తిప్పుతాను."

"బ్యాటరీ వైరు తీసేశాంగా మామయ్యా. తిప్పినా ఏం కాదు."

"అలవాటవ్వాలి కదమ్మా."

పదిసార్లు చేయించారు. చేతులు, పైన. చేతులు, పైన. పక్కింటావిడ మేడ మీద బట్టలు ఆరేస్తూ నవ్వుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మొహంలో కనిపించిందేమో, దిగి వచ్చి చెప్పారు. డిపోలో చేరిన కొత్తల్లో ఒకరోజు అడక్కుండా తాళం తిప్పారట. ఒక ఫిట్టరుకి రెండు వేళ్ళు పోయాయి. "తాళం నా చేతిలోనే ఉంది. వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ తర్వాత నేను అడక్కుండా తాళం తిప్పలేదు, ఒక్కసారి కూడా" అన్నారు.

కాఫీ పెట్టి ఇచ్చాను.

మార్చి 20

ఇక చెప్పేస్తానని మావారితో అన్నాను. వచ్చే ఆదివారం కడగడం అయిపోతుంది, నాలుగింటికి మందుల షాపాయన వస్తాడు, ఈ నాలుగు రోజులు ఓపిక పట్టు అన్నారు. నా వల్ల కాదన్నాను.

"డాక్టరుతో నేను చెప్తానని ఎవరన్నారు? నేనన్నానా?"

ఆయనతో వాదించి గెలవలేనిది ఎప్పుడంటే, ఆయన చెప్పేది నిజమైనప్పుడు.

మార్చి 23, ఆదివారం

కుడి చెయ్యి మధ్య వేలికి కట్టు. ఎడమ చేత్తో రాస్తున్నాను. ఇవాళ ఇంతే.

మార్చి 25

పెన్ను పట్టుకోవడం వచ్చింది. షాపుకి సెలవు పెట్టాను. ఆ రోజు జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున్నే మొదలుపెట్టాం. మైనస్ వైరు తీశాను. తడవకూడని నాలుగు భాగాలకి ప్లాస్టిక్ సంచులు తొడిగి పురికొస కట్టించారు మామయ్య. గాలి పీల్చే గొట్టం, ఫ్యూజుల డబ్బా, ప్లగ్గుల వైర్లు, కింద ఎడమ పక్కనున్న డైనమో. తర్వాత మందు కొట్టాను, కింద నుంచి పైకి. డైనమోని తిప్పే బెల్టు మీద పడనివ్వొద్దన్నారు, జారిపోతుందట. పది నిమిషాలు నాననిచ్చి, ఆరిపోకముందే బ్రష్షుతో రుద్దాను. మడ్డి నల్లటి పాయసంలా కారింది. అది కాలవలోకి పోకుండా కింద పాత రేకు ట్రే పెట్టించారు, దాని చుట్టూ రంపపు పొట్టు పోయించారు. తర్వాత మగ్గుతో నీళ్ళు, మొక్కలకి పోసినట్టు నెమ్మదిగా, పైనుంచి కిందికి.

మడ్డి కింద నుంచి లోహం తెల్లగా బయటపడింది. దాని మీద అచ్చుపోసిన అంకెలు కనిపించాయి. ఎందుకో చాలా సంతోషం వేసింది. మామయ్య అద్దాలు పైకి తోసుకుని ఆ అంకెలు గట్టిగా చదివారు.

అప్పటికే మధ్యాహ్నం దాటింది. మావారు కిటికీలోంచి అయిందా, అయిందా అని నాలుగుసార్లు అడిగారు. నాలుగింటికి ఎవరొస్తున్నారో నాకూ ఆయనకీ తెలుసు, మామయ్యకి తెలియదు. చీర ముక్కలతో తుడిచి, సంచులు విప్పి, బ్యాటరీ వైరు బిగించాను. ఇంజిన్ కాసేపు తిరిగితే మిగిలిన తడి ఆరుతుందని మామయ్య వెళ్ళి సీట్లో కూర్చున్నారు. అప్పుడు చూస్తే డైనమో సంచి ఇంకా అలాగే ఉంది. దాని పురికొస బెల్టు సందులో ఇరుక్కుంది. లాగుతున్నాను. బండి స్టార్టయింది. సంచితో పాటు గ్లవ్ కూడా లోపలికి పోయింది.

వేలు ఉంది. గోరు పోయింది. మూడు కుట్లు పడ్డాయి.

నా కేక విని మామయ్య వెంటనే ఆపేశారు. దిగి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు పైన అన్నావనుకున్నాను. అన్నట్టే వినిపించిందమ్మా. అనలేదా?" అన్నారు. నొప్పికి నాకు నోట మాట రాలేదు. మావారు పరిగెత్తుకొచ్చి, "చెయ్యి లోపల పెట్టుకుని పైన అని ఎలా అంటుంది నాన్నా?" అన్నారు.

మామయ్య తాళం చెవి తీసి చెప్పుల స్టాండు మీద పెట్టేశారు. మందుల షాపాయన్ని మావారు ఫోన్లో రావద్దన్నారు.

ఇంతే జరిగింది.

మార్చి 26

ఇంతే జరగలేదు.

నేను పైన అన్నాను.

ఆయన చేతులు అని అడిగారు. నేను విన్నాను. ఇంకొక్క లాగు లాగితే వచ్చేస్తుంది కదా అనుకున్నాను. మావారు ఐదోసారి కిటికీ తలుపు తీస్తున్న చప్పుడు వినిపించింది. పైన అన్నాను. చెయ్యి లోపలే ఉంది. ఈ మధ్య ఆయన ఏమడిగినా నా నోటికి అనుకూలమైన మాటే వస్తోంది, ఇదీ అలాగే వచ్చింది.

నొప్పికి మాట రాలేదని నిన్న రాశాను. అదీ నిజం కాదు. మాట వచ్చేది. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాశాను, సిగ్గులేని మొహం.

మార్చి 27

పొద్దున వంటింట్లో ఉన్నాను. మామయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఇప్పుడు కుక్కరు కూసిందా అమ్మా, నాకలా అనిపించిందా?"

"కూసింది మామయ్యా."

"ఎన్ని?"

"రెండు."

"నాకూ రెండే అనిపించాయి" అని వెళ్ళిపోయారు. ఐదు నిమిషాలకి మళ్ళీ వచ్చి, బాత్రూమ్‌లో కుళాయి కట్టానో లేదో ఒకసారి చూసి రా అన్నారు. కట్టే ఉంది. సాయంత్రం పాల ప్యాకెట్టుకి కూడా వెళ్ళలేదు. రోడ్డు మీద హారన్ కొడితే వినిపిస్తుందో లేదో అన్నారు. పాలు నేనే తెచ్చాను.

మార్చి 28

కారు అమ్మేయమని మామయ్యే అన్నారట. మావారికి పెద్ద బరువు దిగిపోయింది. "ఇంకేం, మనం నోరు తెరవాల్సిన పనే లేకుండా అయిపోయింది. ఆయనంతట ఆయనే మానేశారు" అన్నారు. మావారు మంచంలో కూర్చుని కాళ్ళూపుతున్నారు. నా చేతిలో ఉన్న గరిటె విసిరేయాలనిపించింది.

విసరలేదు. ఎందుకంటే ఆ మాట విన్న వెంటనే నాకూ తేలిగ్గా అనిపించింది. ఒక్క నిమిషమే, కానీ అనిపించింది. తన చెవులే పనిచేయడం లేదని మామయ్య అనుకుంటే మనకి కళ్ళ సంగతి చెప్పే పని తప్పుతుంది. ఇదీ నా తెలివి.

మార్చి 29

చుక్కలు వద్దన్నారు. పొద్దునా వద్దన్నారు, సాయంత్రమూ వద్దన్నారు.

"చెవులే పనిచేయనోడికి కళ్ళు తడిగా ఉంటే ఎంత, పొడిగా ఉంటే ఎంత. నీకు శ్రమ ఎందుకమ్మా, అసలే వేలు బాలేదు."

బతిమాలాను. మొహం గోడ వైపు తిప్పుకున్నారు. సీసా చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఈ చుక్కలు మానేస్తే ఆయనకి ఏం పోతుందో ఈ ఇంట్లో నాకూ మావారికే తెలుసు. పోయేది మాత్రం మాది కాదు.

మార్చి 30, ఆదివారం

చెప్పేశాను.

మావారు బజారుకి వెళ్ళారు. మామయ్య వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నారు, పేపరు ఒళ్ళో ఉంది, చదవడం లేదు. నేను ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాను. కూర్చున్నాక లేచి పోదామనిపించింది.

"మామయ్యా, ఆ రోజు నేను పైన అన్నాను."

"ఏ రోజు?"

"వేలు నలిగిన రోజు. మీరు చేతులు అని అడిగారు. నేను పైన అన్నాను. చెయ్యి లోపలే ఉంది. మీకు సరిగ్గానే వినిపించింది."

ఆయన నా వేలి వైపు చూశారు, నా వైపు చూశారు. నెమ్మదిగా మొహం విచ్చుకుంది. వారం రోజులుగా ఎక్కడికో పోయిన మనిషి వెనక్కి వచ్చినట్టయింది. నా మీద కోపం కూడా రాలేదు. "అంటే నేను అడిగాను" అన్నారు.

"అడిగారు."

"అడక్కుండా తిప్పలేదు."

"లేదు మామయ్యా."

"పిచ్చిపిల్లా, వేలు పోయుంటే?" అని గట్టిగా ఊపిరి వదిలారు. వెంటనే కుర్చీ చేతుల మీద బలం పెట్టి లేవబోయారు. "తాళం ఇటు పట్రా. వారమైంది కదిల్చి, లోపల తడి ఆరిందో లేదో. ఒక రౌండు కొట్టొద్దాం."

ఇక్కడితో ఆపేయొచ్చు అనిపించింది. ఆయన మొహం చూస్తే నిజంగా అలాగే అనిపించింది. కానీ ఆయన తాళం కోసం చెయ్యి చాపి ఉన్నారు. కూర్చోండి మామయ్యా అన్నాను. డాక్టరమ్మ చెప్పింది ఏమీ మిగల్చకుండా చెప్పాను. నరాలు, పక్క చూపు, ఎడమ వైపు ఎక్కువని, చుక్కలు పొడిబారినందుకు కాదని, కారు నడపకూడదని. గేటు స్తంభం గురించి చెప్పలేదు, ఆయనే దాని వైపు చూశారు.

"ఎన్నాళ్ళైంది నీకు తెలిసి?"

"ఇరవై ఏడు రోజులు."

"వాడికి?"

"ఇరవై ఆరు."

"మరి తనిఖీ?"

"తనిఖీ ఏం లేదు. మందుల షాపాయనకి అమ్ముదామని."

"నాచేత కడగడం నేర్పించుకున్నావు. కాఫీ పెట్టి ఇచ్చావు" అన్నారు. గట్టిగా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది.

లేచి లోపలికి వెళ్తుంటే ఎడమ భుజం తలుపు రెక్కకి తగిలింది. ఎప్పుడూ తలుపుని ఒక మాట అని వెళ్తారు. ఇవాళ ఆగి, దాన్ని కిందికీ మీదికీ చూసి, ఏమీ అనకుండా వెళ్ళారు.

మార్చి 31

మాట్లాడలేదు.

ఏప్రిల్ 1

మాట్లాడలేదు. మావారు మాట్లాడుతున్నారు, అదే పనిగా. ఏం సాధించావు, బాగానే కుదురుకుంటున్న దాన్ని కెలికావు అంటున్నారు. బాగానే అంటే ఏమిటో ఆయన్ని వివరించమన్నాను. ఆయన ఫోన్ చూసుకున్నారు.

ఏప్రిల్ 2

మామయ్య నోరు విప్పారు, నాతో కాదు. "అన్నంలో ఉప్పు తక్కువైందని మీ ఆవిడకి చెప్పరా" అన్నారు. అమ్మాయి నుంచి మీ ఆవిడకి దిగజారాను. పైగా అన్నంలో ఉప్పు వేయడం ఈ ఇంట్లో ఎప్పుడూ లేదు.

ఏప్రిల్ 3

మామయ్య గది తలుపు ఓరగా ఉంది. మంచం మీద కూర్చుని తనే చుక్కలు వేసుకుంటున్నారు. మొదటిది బుగ్గ మీద పడింది. రెండోది ముక్కు మీద. సాయం చేద్దామని ఒక అడుగు వేసి ఆగిపోయాను, పిలవలేదు కదా. మూడోది కంట్లో పడింది. రెండో కంటికి మళ్ళీ మొదట్నుంచి.

సీసా సగమైపోయింది. షాపు నుంచి వచ్చేటప్పుడు ఇంకోటి తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. నిన్నటిదాకా పడని చుక్కలు ఇవాళ పడుతున్నాయి. నన్ను ఎంతైనా తిట్టుకోనీ.

ఏప్రిల్ 6, ఆదివారం

పదింటికి మందుల షాపాయన వచ్చాడు. మావారు బానెట్ ఎత్తబోతుంటే మామయ్య పక్కకి జరగమని తనే ఎత్తారు. ఉతికిన చొక్కా వేసుకున్నారు, జేబులో పెన్ను కూడా పెట్టుకున్నారు.

"కొత్తదానిలా ఉందే" అన్నాడు షాపాయన.

"ఉంటుంది. కడిగాం కాబట్టి. ఇదిగో, ఈ అతుకు దగ్గర ఆయిల్ చెమ్మ కారుతుంది. కడిగేసరికి కనపడ్డం లేదంతే, పోలేదు. పది రోజులు నడిపితే మళ్ళీ తడి కనిపిస్తుంది. అప్పుడు బాగుచేయించుకో, నన్నడిగితే ఎవరి దగ్గరికెళ్ళాలో చెప్తా."

మావారు దగ్గారు. మామయ్య పట్టించుకోలేదు.

"ఇంత జాగ్రత్తగా చూసుకున్న బండి, ఎందుకు ఇచ్చేస్తున్నారండీ?"

"నాకు పక్క చూపు లేదు" అన్నారు మామయ్య. మామూలుగా, ఎంత మైలేజీ ఇస్తుందో చెప్పినట్టు చెప్పారు. ఆ మాట ఆయన నోటి వెంట రావడం ఇదే మొదలు. నేను వంటింట్లోకి వెళ్ళి సింకు కుళాయి తిప్పి కాసేపు ఏడ్చాను.

కారు వెళ్ళిపోయింది. మధ్యాహ్నం ఎవరూ సరిగా తినలేదు. మావారు పడుకున్నారు. నేను బట్టలు మడత పెడుతుంటే హాల్లోంచి, "అమ్మాయ్" అని వినిపించింది.

వెళ్ళాను. మామయ్య కుర్చీ గోడకి ఆనించి, ఎదురుగా ఇంకో కుర్చీ వేసి ఉంచారు.

"డాక్టరు నీతో చెప్పింది. నువ్వు వాడితో చెప్పావు. నాకు మాటే చెప్పారు, కొలత ఎవరూ చెప్పలేదు. మా పనిలో ఎంత అరిగిందో చూడకుండా ఏ సామానూ పక్కన పడేయం. నీకు షాపులో తెలిసే ఉంటుందిగా, ఎలా చూడాలో."

తెలుసు. షాపులో వేలితో చూస్తాం. ఆయన ఎదురుగా మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాను. ఒక కన్ను మూసుకుని నా ముక్కు వైపే చూడమన్నాను, కన్ను కదపొద్దన్నాను. నేను చెవి వెనక నుంచి వేలు నెమ్మదిగా ముందుకి తెస్తాను, కనిపించగానే చెప్పాలి.

ముందు కుడి వైపు. కణత దాటాక, "ఆఁ, వచ్చింది" అన్నారు. నేను అనుకున్నదానికంటే ఆలస్యంగానే చెప్పారు. ఆయనకి ఆ సంగతి తెలియదు. ఇంకా నవ్వు మొహంతోనే ఉన్నారు.

కన్ను మార్పించి ఎడమ వైపు మొదలుపెట్టాను. వేలు చెవి దాటింది, కణత దాటింది. కంటి కొసకి వచ్చింది. ఆయన బుద్ధిగా నా ముక్కు వైపే చూస్తున్నారు. రెప్ప కూడా కదలలేదు. వేలు ఆపేశాను. ఇక ముందుకి జరపడానికి నాకు చెయ్యి రాలేదు.

"కానీ అమ్మా. ఇంకా మొదలుపెట్టలేదా?" అన్నారు.

లేదు మామయ్యా, ఇప్పుడే పెడుతున్నాను అనొచ్చు. నా నోటికి ముందు ఆ మాటే వచ్చింది.

"పెట్టాను మామయ్యా. మీ కంటి పక్కనే ఉంది."

నవ్వు పోయింది. అయినా చూపు తిప్పలేదు.

"సరే. ఆపకు. కనిపించేదాకా రానీ."